మార్కర్ సీసంతో నీటి అడుగును చదవడం: ఇంగ్లండ్ కంకర గోతుల్లో కార్ప్ వేటకు సమగ్ర మార్గదర్శి

మన ఊరి చెరువు లోతు చెప్పడానికి పరికరాలు అక్కర్లేదు. కట్ట దగ్గర, తూము దగ్గర లోతు ఉంటుంది. శిఖం భూముల వైపు పోయేకొద్దీ నీళ్లు పల్చబడతాయి. గట్టు మీద నిలబడి ఒకసారి చూస్తే లెక్క దొరికిపోతుంది. ఇంగ్లండులో కార్ప్ కోసం వెళ్లే నీళ్లు చాలావరకు ఇలా ఉండవు. లండనుకు పడమరన కోల్న్ లోయలో, థేమ్స్ లోయలో ఉన్న చెరువులు, ఇంకా అవతల కాట్స్‌వోల్డ్ వాటర్ పార్కులోని 150కి పైగా చెరువులు, అన్నీ ఇసుక, కంకర తవ్వుకున్న గోతులే. తవ్వకం ముగిసి పంపులు ఆపేశాక ఊట నీరు నిండింది. మంచి కంకర తగిలిన చోట యంత్రాలు లోతుగా తవ్వాయి, పనికిరాని మట్టిని వరసలుగా వదిలేశాయి. పైనుంచి చూస్తే నీరంతా ఒకటే. అడుగున మాత్రం 12 అడుగుల లోతున్న పల్లం పక్కనే, నీటి మట్టానికి 4 అడుగుల కిందే దిబ్బ ఉండొచ్చు.

ఆ నీళ్లలో తిరిగే కామన్ కార్ప్ మనకు కొత్తదేమీ కాదు, మన చెరువుల్లో పెంచే బంగారుతీగే. అక్కడక్కడా మాత్రమే పెద్ద పొలుసులుండే మిర్రర్ కార్ప్ కూడా అదే జాతి. రెండూ ప్రధానంగా అడుగున మూతి పెట్టి మేస్తాయి. ఒండ్రులో ఎర్ర పురుగుల్ని, కంకర మీద నత్తల్ని, ఆల్చిప్పల్ని వెతుక్కుంటాయి. కాబట్టి ఎర పడిన చోట అడుగు ఎలా ఉందో తెలియకపోతే రోజంతా కూర్చున్నా కలిసొచ్చేది అదృష్టమే.

మార్కర్ అంటే నీటి అడుగు తెలుసుకోవడానికి విసిరే సీసం, బెండుల జోడీ. ఆ మాట అనగానే చాలామందికి నీటి మీద తేలే రంగు బెండు గుర్తొస్తుంది. బెండు చెప్పేది లోతు మాత్రమే. అడుగున ఉన్నది రాయా, బురదా, నాచా అన్నది సీసమే చెప్తుంది, చేప తినేదీ తిననిదీ తేలేది అక్కడే. అందుకే ఈ పద్ధతిలో బెండు చివర్న వస్తుంది. మొదటి సగం పని వట్టి సీసంతోనే.

బయలుదేరే ముందు

ఇంగ్లండులో 13 ఏళ్లు, ఆపై వయసున్న ఎవరైనా మంచినీటి చేపలకు గాలం వేయాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రాడ్ లైసెన్సు ఉండాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో నిమిషాల్లో దొరుకుతుంది. లేకుండా దొరికిపోతే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. దాంతోపాటు ఆ చెరువు యజమాని దగ్గర రోజు టికెట్టో, క్లబ్బు సభ్యత్వమో తీసుకోవాలి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో వేట నిషేధం. కంకర గోతుల్లో చాలావాటికి అది వర్తించదు గానీ ఒక్కో చెరువుకు ఒక్కో నియమం ఉంటుంది. బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) వాడొచ్చా, మార్కర్ వేయొచ్చా, ఏ వేళల్లో వేయొచ్చో బోర్డు మీద చదువుకోండి. ఇంకో మాట: ఈ చెరువుల్లో పట్టిన కార్ప్‌ను మెత్తటి చాప మీద పెట్టి గాలం తీసి తిరిగి నీళ్లలోకే వదలాలి. పులుసు మీద ఆశ ఉంటే దారిలో చేపల దుకాణం దగ్గర ఆగడమే మార్గం.

సరంజామా

రాడ్ 12 అడుగులది, 2.75 నుంచి 3.25 పౌండ్ల టెస్ట్ కర్వ్ (రాడ్ కొనను లంబకోణం దాకా వంచడానికి కావలసిన బరువు) ఉన్నది చాలు. ప్రత్యేకంగా మార్కర్ రాడ్ అని అమ్ముతారు, కొంటే సుఖమే. మీ దగ్గరున్న పాత కార్ప్ రాడ్‌తో కూడా పని జరిగిపోతుంది. డబ్బు పెట్టాల్సింది దారం మీద.

దారం బ్రెయిడ్ అయి తీరాలి. నైలాన్ మోనో, అంటే ఒంటిపోగు దారం, సాగుతుంది. 60 మీటర్ల దూరంలో సీసం రాయికి తగిలిన అదురు ఆ సాగుడులోనే కలిసిపోయి మీ చేతిదాకా రాదు. బ్రెయిడ్ దాదాపు సాగదు, అడుగున జరిగింది జరిగినట్టు వేలికి చేరవేస్తుంది. 20 నుంచి 30 పౌండ్ల బలమున్నది తీసుకోండి. సన్న బ్రెయిడ్ వాడితే ముందు భాగంలో 50 పౌండ్ల బ్రెయిడ్‌ను లీడరుగా ముడి వేయండి. విసిరేటప్పుడు ముడి స్పూల్ మీదే ఉండేలా, లీడర్ పొడవు కనీసం రాడ్ పొడవుకు రెండింతలు ఉండాలి. విసురులో దారం తెగితే ఆ సీసం ఎవరి తలకైనా తగలొచ్చు. బ్రెయిడ్ వేలిని కోస్తుంది కూడా, చూపుడు వేలికి తోలు తొడుగు వేసుకోండి.

సీసం 3 నుంచి 4 ఔన్సులు, అంటే 85 నుంచి 113 గ్రాములు. బ్రిటన్‌లో 1987 నుంచి 0.06 గ్రాముల పైన, 28.35 గ్రాముల దాకా ఉన్న సీసపు గుండ్లు గాలానికి వాడటం నిషేధం. హంసలు వాటిని మింగి చచ్చిపోతుండటంతో ఆ చట్టం తెచ్చారు. మనం వాడేది అంతకన్నా బరువు కాబట్టి ఇబ్బంది లేదు. ఆకారం మాత్రం చూసి ఎంచుకోవాలి. 1952లో రెడ్‌మైర్ పూల్‌లో 44 పౌండ్ల కార్ప్ పట్టి రికార్డు సృష్టించిన రిచర్డ్ వాకర్ రూపొందించిన ఆర్లిసే బాంబ్ అనే బేరిపండు ఆకారపు సీసం ఇప్పటికీ దొరుకుతుంది. దానికి పేరిచ్చిన ఆర్లిసే చెరువు కూడా లోతైన పాత తవ్వకపు గొయ్యే. ఆ నున్నటి సీసం దూరం బాగా పోతుంది గానీ అడుగు మీద జారిపోతుంది. మార్కర్ పనికి ఒళ్లంతా బొడిపెలున్న పొట్టి సీసం మేలు, ప్రతి రాయినీ పట్టుకుని చెప్తుంది.

ఇవి కాక బెండు, సీసాన్ని తగిలించడానికి చివర రింగు ఉన్న పుల్లలాంటి బూమ్, ఒక రబ్బరు పూస, దూరం కొలవడానికి రెండు కర్రలు, ఒక చిన్న పుస్తకం కావాలి.

విసరక ముందు చూడండి

చెరువు దగ్గరికి వెళ్లగానే సీసం విసరడం మొదలుపెట్టే వాళ్లని చూస్తే నాకు చిరాకు. ఒక అరగంట గట్టు చుట్టూ నడవండి. చేప ఎక్కడ ఎగురుతోంది, ఎక్కడ బుడగలు వస్తున్నాయి, ఏ మూల నీరు మడ్డిగా ఉంది? చేప కళ్లముందు కనిపిస్తుంటే దాని నెత్తిన వంద గ్రాముల లోహం పదిసార్లు పడేయడం కన్నా తెలివితక్కువ పని లేదు. అలాంటప్పుడు మార్కర్ జోలికి పోకుండా ఒక్క గాలం మెల్లగా వేసి కూర్చోండి. పొద్దున, సాయంత్రం మేత వేళల్లో కూడా అంతే. అడుగు చదవడానికి మిట్టమధ్యాహ్నం మంచిది. గాలి లేని రోజైతే ఇంకా మంచిది.

చేతికి నేర్పించడం

కొత్తవాళ్లు చేయాల్సిన మొదటి పని ఇది. ఏ పుస్తకమూ, వీడియో కూడా దీనికి సాటి రావు. నీరు తేటగా ఉన్న చోట, గట్టు అంచున, అడుగు కంటికి కనిపించే లోతులో సీసాన్ని దించి లాగండి. కంకర మీద లాగినప్పుడు వేలికి ఏం తెలుస్తోంది? బురద మీద? నాచు మొక్కల్లో? కళ్లతో చూస్తూ చేతితో తెలుసుకోండి. తర్వాత కళ్లు మూసుకుని మళ్లీ లాగండి. వైద్యుడు నాడి పట్టడం నేర్చుకున్నట్టే ఇదీ, ఆరోగ్యవంతుడి నాడి తెలిస్తేనే రోగిది తెలిసేది. ఇక్కడ తెలిసిందే 60 మీటర్ల అవతల కాస్త మందంగా వినిపిస్తుంది.

వట్టి సీసం: పడటం

బెండు లేకుండా సీసాన్ని దారానికి కట్టండి. ఎదురు గట్టున ఒక చెట్టునో, స్తంభాన్నో గురిగా పెట్టుకుని విసరండి. సీసం నీటిని తాకడానికి క్షణం ముందు స్పూల్ మీద వేలు పెట్టి దారాన్ని ఆపండి. ఆపకపోతే దారం వదులుగా వేలాడి కబురు చేరదు. రాడ్ నిటారుగా పట్టుకుని, సీసం మునుగుతుంటే బిగువు తగ్గకుండా రాడ్‌ను దాని వెంటే కిందికి వంచుతూ పోండి. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. అడుగు తాకగానే కొన చటుక్కున నిటారవుతుంది, వేలికి ఒక దెబ్బ తెలుస్తుంది.

ఆ దెబ్బే సగం కథ. "టక్"మని పిడిలోకి వినిపించిందంటే కంకరో గట్టి బంకమట్టో. "ధబ్"మని మెత్తగా వచ్చిందంటే ఒండ్రు. దెబ్బే తెలియకుండా, సీసం దిగుతూ దిగుతూ ఎక్కడో ఆగిపోయినట్టుంటే నాచులో ఇరుక్కుంది, లేదా లోతైన బురదలో కూరుకుపోయింది. ఒకే దూరంలో ఒకసారి ఆరు లెక్కలకు, కొంచెం పక్కన నాలుగు లెక్కలకు అడుగు తగిలితే అక్కడ దిబ్బ ఉన్నట్టే. లెక్కకు ఎన్ని అడుగులు అన్నది మీ సీసం బరువు, దారం మందం బట్టి మారుతుంది. బెండు కట్టాక ఒకసారి కొలుచుకుంటే ఆ తర్వాత లెక్కతోనే లోతు చెప్పేయగలరు.

పక్క గాలి ఉంటే దారం విల్లులా వంగి అంతా తప్పుతుంది. రాడ్ కొనను నీటిలో ముంచి పట్టుకుంటే కొంత నయం.

వట్టి సీసం: లాగడం

రాడ్‌ను నీటికి దగ్గరగా, గట్టుకు సమాంతరంగా తిప్పి సీసాన్ని లాగండి. రీలు తిప్పి లాగొద్దు. రీలు పిడిలో పుట్టే అదురు, సీసం పంపే అదురు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. ఒక్కో లాగుడుకు రెండు మూడు అడుగులు, చాలా మెల్లగా. తర్వాత రాడ్‌ను ముందుకు తెచ్చి వదులైన దారాన్ని చుట్టుకుని మళ్లీ లాగండి. ఎన్నిసార్లు లాగారో గుర్తుపెట్టుకోండి.

రాడ్ కొన "టకటకటక" కొట్టుకుంటే గులకరాళ్లు. రాళ్లు పెద్దవైతే కొట్టుడుకూ కొట్టుడుకూ మధ్య విరామం ఎక్కువ. అడ్డంకి లేకుండా జారుతూ వస్తే ఇసుక లేదా బంకమట్టి. రెండింటికీ తేడా పడినప్పటి దెబ్బలో ఉంటుంది: బంకమట్టి తాకగానే పట్టుకుంటుంది, మొదటి లాగుడుకు కొంచెం బలం కావాలి, ఊడాక నున్నగా వస్తుంది. సీసం బరువు పెరిగినట్టు, ఒకే తీరున ఈడ్చుకుంటూ వస్తే ఒండ్రు. కొన వంగి వంగి ఆగి, చటుక్కున ఊడి, మళ్లీ ఆగితే నాచు. ఊడిన సీసాన్ని బయటికి తీసి చూడండి, మొక్క ముక్కలు అంటుకుని ఉంటాయి. దారపు పోగుల్లా జిడ్డుగా ఉన్న పచ్చని పాచికీ, కాండం ఉన్న మొక్కలకూ తేడా ఉంది. మొక్కల మధ్య ఖాళీలుంటాయి, చేప ఆ ఖాళీల్లోనే తింటుంది. పాచి మాత్రం దుప్పటిలా పరుచుకుని ఎరను కప్పేస్తుంది.

సీసం బరువెక్కుతూ బరువెక్కుతూ వచ్చి ఉన్నట్టుండి తేలికైపోయి దారం వదులైతే, దిబ్బ అవతలి ముఖం ఎక్కి ఇవతలికి జారిందన్నమాట. దాని రెండు పాదాలూ, నడినెత్తీ గుర్తుపెట్టుకోండి. నా అనుభవంలో చేప దిబ్బ నెత్తి మీద కన్నా దిబ్బ పాదం ఒండ్రును కలిసే అంచున ఎక్కువ ఆగుతుంది. గాలీ అలలూ కొట్టుకొచ్చిన తిండి అంతా చేరేది అక్కడే.

తికమక పెట్టేవి రెండున్నాయి. జీబ్రా ఆల్చిప్పల పడకలు కంకరలాగే టకటక కొడతాయి, కాకపోతే కాస్త గరగరగా ఉంటుంది. వాటి అంచులు దారాన్ని కోసేస్తాయి, చేప తగిలాక తెగేది అక్కడే. సీసానికి పెంకు ముక్క అంటుకుందేమో చూసుకోండి. రెండోది, గట్టి అడుగు మీద రెండంగుళాల పల్చని ఒండ్రు పొర. పడినప్పుడు మెత్తగా, లాగినప్పుడు నున్నగా ఉంటుంది. నేను వదలని చోటు అది.

అడుగు మట్టి నమూనా కావాలంటే పాత ఓడల వాళ్ల పద్ధతి ఉంది. లోతు కొలిచే సీసం అడుగున ఒక గుంట చేసి అందులో జంతువుల కొవ్వు కూరేవారు, దానికి అంటుకున్న ఇసుకనో గవ్వనో చూసి ఓడ ఎక్కడుందో అంచనా కట్టేవారు. మనం కొవ్వు బదులు సీసం కిందివైపు గాలం పుట్టీ (దారాన్ని బరువెక్కించడానికి అద్దే మెత్తటి ముద్ద) కొంచెం అద్దితే సరిపోతుంది. తీశాక వాసన కూడా చూడండి. నల్లగా, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే బురదలో మేత ఉండదు. గోధుమరంగు ఒండ్రులో ఎర్ర పురుగు కనిపించిందా, ఇక వేరే చోటు వెతకొద్దు.

ఇప్పుడు బెండు

నచ్చిన చోటు ఒకటో రెండో దొరికాకే బెండు కట్టండి. సీసాన్ని బూమ్‌కు తగిలించండి. దారాన్ని బూమ్ కొసనున్న రింగు లోంచి పోనిచ్చి, పూస ఎక్కించి, చివర బెండును కట్టండి. బూమ్ రింగును అడుగు నుంచి పైకెత్తి ఉంచుతుంది కాబట్టి నాచులో కూడా దారం ఇరుక్కోకుండా జారుతుంది.

విసిరి, సీసం దిగాక, కావలసిన చోటికి లాక్కురండి. దారాన్ని బాగా బిగించి చుట్టండి, బెండు కిందికి దిగి సీసాన్ని ఆనుకుంటుంది. ఇక క్లచ్ వదులు చేసి, స్పూల్ ముందు రాడ్ మీద ఒక అడుగు దూరంలో అతికించిన టేపు గుర్తుదాకా దారాన్ని చేత్తో లాగండి. అది ఒకటి. మళ్లీ లాగండి, రెండు. బెండు నీటి పైకి "బుడుంగు"మని తేలేదాకా లెక్కపెట్టండి. తొమ్మిదో లాగుడుకు తేలితే 9 అడుగులు. సీసం నుంచి బెండు కొనదాకా ఉన్న పొడవు, మామూలుగా అడుగు అడుగున్నర, దానికి కలపాలి. ఈ కలపడాన్ని చాలామంది మరిచిపోతారు. బెండు తేలకపోతే కంగారుపడి గుంజకండి, నాచులో చిక్కుంటుంది. దారాన్ని రెండు మూడుసార్లు బిగించి వదిలితే చాలాసార్లు లేస్తుంది.

తర్వాత బెండును మళ్లీ కిందికి చుట్టి, సీసాన్ని మూడడుగులు ఇవతలికి లాగి, మళ్లీ కొలవండి. ఇలా ఒకే గీత మీద నాలుగైదు కొలతలు తీస్తే అడుగు ఆకారం కాగితం మీదికి వస్తుంది. ఉదాహరణకు వరసగా 11, 11, 7, 5, 9 వచ్చాయనుకోండి: 11 దగ్గర పల్లం, 5 దగ్గర దిబ్బ నెత్తి, 9 దగ్గర ఇవతలి పాదం. చెరువంతా కొలవాలన్న ఆశ వద్దు. ఎడమ, నడుమ, కుడి, మూడు గీతలు సరిపోతాయి. ఎంత ఎక్కువ కొలిస్తే అంత చేపను తరిమినట్టు.

దూరాన్ని పట్టుకోవడం

చోటు దొరికింది. అక్కడికే మళ్లీ మళ్లీ ఎర వేయాలంటే దూరం కావాలి. బెండును కిందికి చుట్టి సీసానికి ఆనించి, దారం బిగువుగా ఉండగా దారం ఇంకా బయటికి పోకుండా ఆపే స్పూల్ క్లిప్‌లో పెట్టండి. బెండు తేలి ఉండగా క్లిప్ చేస్తే లోతంత దారం ఎక్కువ లెక్కలోకి వచ్చేస్తుంది. ఇప్పుడు సరంజామా వెనక్కి లాక్కుని, 12 అడుగుల ఎడంతో నాటిన రెండు కర్రల చుట్టూ క్లిప్ దాకా దారాన్ని చుట్టండి. ఒక కర్ర నుంచి ఇంకోదానికి వెళ్తే ఒక చుట్టు, 4 గజాలు. 16 చుట్లు వచ్చాయంటే 192 అడుగులు, 64 గజాలు, సుమారు 58.5 మీటర్లు. ఇంగ్లండ్ గట్ల మీద దూరాన్ని మీటర్లలో కాక చుట్లలోనే చెప్పుకుంటారు.

ఎర గాలాన్నీ, ఎర చల్లే స్పాడ్‌నీ అవే కర్రల మీద కొలిచి క్లిప్ చేయండి. ఒక చిన్న తేడా చూసుకోండి. స్పాడ్ నీటి మీదే తెరుచుకుని ఎరను నిలువుగా దించుతుంది. గాలపు సీసం బిగిసిన దారంతో దిగుతూ గట్టు వైపు కొంత ఊగి వస్తుంది. పల్చని నీటిలో ఇది పట్టించుకోనక్కర్లేదు, 12 అడుగుల పల్లంలో మాత్రం స్పాడ్‌ను రెండు మూడు అడుగులు తక్కువకు క్లిప్ చేయడం మేలు.

దిశకు ఎదురు గట్టున గురి రాసుకోండి. పగలు కనిపించే పొద కాదు, రాత్రి ఆకాశం మీద కూడా నల్లగా కనిపించే చెట్టు కొమ్మ కావాలి. గాలం విసిరాక దాని సీసం పడినప్పుడు కూడా దెబ్బ వినండి. మోనో అయినా "టక్" ఎంతో కొంత తెలుస్తుంది. మార్కర్ "టక్" అన్న చోట గాలం మెత్తగా దిగితే తప్పిపోయింది, వెనక్కి లాగి మళ్లీ విసరండి. గాలాలు వేశాక మార్కర్‌ను నీటిలో వదిలేయకండి, తగిలిన చేప దాని చుట్టూ తిరిగి దారాలన్నీ చిక్కుచేస్తుంది.

అడుగును బట్టి ఎర

గట్టి, శుభ్రమైన అడుగు మీద 6 నుంచి 8 అంగుళాల పొట్టి హుక్‌లింక్ (గాలాన్ని సీసానికి కలిపే దారం), అడుగున కూర్చునే బాయిలీ (ఉడికించిన పిండి ఉండ) చాలు. గాలం మొన మాత్రం ప్రతిసారీ గోటి మీద గీసి చూడండి, కంకర దాన్ని మొద్దుబారుస్తుంది. ఒండ్రులో సీసం కూరుకుపోయి ఎరను కూడా లాక్కుపోతుంది. అక్కడ తేలిక సీసం, 12 అంగుళాల దాకా పొడవున్న హుక్‌లింక్, దారం మీద పైకి జారగలిగే హెలికాప్టర్ అమరిక, తేలే పాప్-అప్ బాయిలీ మంచి జోడీ. పల్చని నాచు మీద పాప్-అప్, లేదా మొత్తం గాలాన్నే నీటిలో కరిగే పీవీఏ సంచిలో పెట్టి వేయడం. దట్టమైన నాచులో ఖాళీ దొరక్కపోతే అక్కడ వేయకండి. చేప తగిలినా మొక్కల్లోకి దూరి చిక్కుకుపోతే దానికే ప్రమాదం.

దారానికి కట్టి విసిరే సోనార్ బంతులు ఇప్పుడు వచ్చాయి, ఫోనులో లోతు చూపిస్తాయి. అనుమతి ఉన్న చోట వాడండి, పెద్ద చెరువులో దిబ్బలు ఎక్కడున్నాయో త్వరగా తేలుతుంది. ఆ తర్వాత సీసం ఒకటి రెండుసార్లు విసిరి వేలితో నిర్ధారించుకోండి. గట్టిదనాన్ని రంగుల్లో చూపించినా, కంకరకూ ఆల్చిప్పలకూ తేడా తెర మీద తెలియదు.

ఇంటికొచ్చాక పుస్తకంలో తేదీ, కూర్చున్న చోటు, గురి, చుట్లు, లోతు, దెబ్బ తీరు రాసుకోండి. కంకర దిబ్బ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, నాచు ఉండదు. మేలో ఖాళీగా ఉన్న చోటు ఆగస్టుకు మూసుకుపోవచ్చు. నవంబరులో మొక్కలు కుళ్లి మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే అదే చోటికి మళ్లీ వెళ్లినప్పుడు కర్రల మీద పాత చుట్లు చుట్టుకుని, వట్టి సీసాన్ని ఒకటి రెండుసార్లు విసిరి చూసి, "టక్" వినిపిస్తే మార్కర్‌ను పక్కన పెట్టేయండి.